వెడల్పు పాదానికి డెర్బీ బూటు: నమూనా తయారీ డైరీ

జూన్ 8

ముందు భాగం వెడల్పుగా ఉండి, రోజులో ఎక్కువ సేపు నిలబడి పనిచేసే మనిషి పాదానికి సరిపోయే సాదా డెర్బీ బూటు ఒకటి గీసి, దాన్ని నా చేతులతోనే నమూనాగా తయారు చేయడం ఈ ప్రాజెక్టు. బూట్ల బొమ్మలు గీయడం నాకు కొన్నేళ్ళుగా వృత్తి. అయితే బొమ్మ తోలుగా, కుట్టుగా, సోలుగా మారే పని ఎప్పుడూ వేరేవారి చేతుల్లో జరిగేది. కాగితం మీద నేను గీసిన గీత ఏ కారణం చేత రెండు మిల్లీమీటర్లు పైకో కిందికో జరిగి తిరిగివచ్చిందో నాకు తెలిసేది కాదు. ఆ కారణాలను తోలు దగ్గర కూర్చుని తెలుసుకోవాలని ఈ పనికి పూనుకున్నాను.

నేర్పడానికి ఒప్పుకున్న మాస్టారు చిత్తూరు జిల్లావారు. తమిళనాడులోని ఆంబూరులో బూట్ల కార్ఖానాలలో మొదట అప్పర్లు, అంటే బూటు పైభాగాలు, కుట్టే విభాగంలోనూ, తరువాత ఆ పైభాగాన్ని పాదం అచ్చు మీదికి లాగి బిగించే లాస్టింగ్ విభాగంలోనూ పనిచేసి, ఇప్పుడు హైదరాబాదులో ఒక గది అద్దెకు తీసుకుని ఆర్డర్ల మీద బూట్లు చేస్తున్నారు. వారి తండ్రిగారు ఊళ్ళో లందలో, అంటే తోళ్ళు నానబెట్టే గోలెంలో, తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసి, మనిషి కాలిని తోలు మీద పెట్టించి చుట్టూ గీత గీసుకుని చెప్పులు కుట్టినవారు. ఆ ఇంటి ఆరె (తోలుకు రంధ్రం పొడిచే సూది), రంపె (తోలు కోసే, చెక్కే కత్తి) ఇప్పటికీ ఈ గదిలోనే ఉన్నాయి. వాటిలో రంపె రోజూ పనిలోనే ఉంటుంది.

బూటు తొడుక్కోబోయేది మా అన్నయ్య. మందుల దుకాణంలో ఉదయం నుంచి రాత్రి దాకా నిలబడి ఉంటాడు. 8వ నంబరు బూటు వేళ్ళ మొదళ్ళ దగ్గర నొక్కేస్తుంది కనుక 9 కొంటాడు. 9వ నంబరులో మడమ జారుతుంది, వేళ్ళ ముందు ఖాళీ మిగిలి బూటు అక్కడ విరిగి ముడతలు పడుతుంది. ఈ ఇబ్బందికి మూలం లెక్కలోనే ఉంది. ఇంగ్లీషు సైజులలో ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ పొడవులో తేడా అంగుళంలో మూడోవంతు, అంటే 8.47 మిల్లీమీటర్లు. వేళ్ళ మొదళ్ళ దగ్గర చుట్టుకొలత పెరిగేది మాత్రం దాదాపు పావు అంగుళమే. అదే నంబరులో ఒక ఫిట్టింగు, అంటే వెడల్పు రకం, పైది దొరికితే పొడవు మారకుండానే ఆ పావు అంగుళం వచ్చేస్తుంది గాని, మన దుకాణాల్లో ఒక నంబరుకు ఒకే ఫిట్టింగు ఉండటం మామూలు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశంలోని వివిధ ప్రాంతాలలో లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిపించి, భారతీయుల పాదం సగటున వెడల్పు ఎక్కువని చెప్పి, ‘భ’ అనే పేరుతో మనకంటూ ఒక సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. అన్నయ్య లాంటివారు వెడల్పు కోసం పొడవు కొనుక్కుంటున్నారు. ఆ అవసరం లేకుండా చేయడమే ఈ నమూనా లక్ష్యం. మిగతా నిర్ణయాలన్నీ దాని తరువాతే.

డెర్బీనే ఎంచుకోవడానికి కారణం కూడా అదే. ఆక్స్‌ఫర్డ్ బూటులో లేసు కట్టే రెండు రెక్కలూ ముందు ముక్క కిందికి వెళ్ళి కుట్టుబడి ఉంటాయి కనుక అవి విచ్చుకోవడానికి ఒక హద్దు ఉంటుంది. డెర్బీలో ఆ రెక్కలు ముందు ముక్క పైకి వచ్చి, కింద అంచు దగ్గర మాత్రమే పట్టుబడి ఉంటాయి. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నా, సాయంత్రానికి వాచినా, లేసు వదులు చేస్తే అంత మేరకు అవి తెరుచుకుంటాయి.

జూన్ 14

అన్నయ్య పాదాన్ని ఉదయం ఒకసారి, దుకాణం మూసి వచ్చాక ఒకసారి కొలిచాను. కాగితం మీద నిలబెట్టి, పెన్సిలును నిటారుగా పట్టుకుని చుట్టూ గీసి, తరువాత టేపుతో వేళ్ళ మొదళ్ళ దగ్గర, నడుము (పాదం మధ్యలో సన్నబడే చోటు) దగ్గర, పాదం మీది ఎత్తు దగ్గర చుట్టుకొలతలు తీశాను. పొడవు 263 మి.మీ. వేళ్ళ మొదళ్ళ చుట్టుకొలత ఉదయం 259, రాత్రికి 264. నిలబడి పనిచేసేవారికి బూటు చేస్తున్నప్పుడు రాత్రి కొలతే లెక్కలోకి తీసుకోవాలని మాస్టారు ఖచ్చితంగా చెప్పారు.

ఆ తరువాత లాస్టు. ఆగ్రా పనివారు ఫర్మా అనే ఈ పాదం అచ్చు మీదనే బూటు అంతా తయారవుతుంది. మేము తీసుకున్నది 8వ నంబరు, 25 మి.మీ. హీలుకు తగిన వాలుతో, బొటనవేలి వైపు గుండ్రంగా, మధ్యలో కీలు ఉన్న ప్లాస్టిక్ లాస్టు. ఇంగ్లీషు లెక్కలో పిల్లల సున్నా 4 అంగుళాల దగ్గర మొదలై, 13 నంబర్లు పూర్తయ్యాక పెద్దల లెక్క మళ్ళీ సున్నా నుంచి నడుస్తుంది. ఆ ప్రకారం పెద్దల 8వ నంబరు సరిగ్గా 11 అంగుళాలు, అంటే 279.4 మి.మీ. యూరపు వాడే పారిస్ పాయింటు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు కనుక 42వ నంబరు 280 మి.మీ. ఈ రెండూ దాదాపు కలిసిపోతాయి కాబట్టి కార్ఖానాలలో మగవారి నమూనాలు మామూలుగా 8లోనో, 42లోనో చేస్తారు.

పాదం పొడవు 263 అయితే లాస్టు 279 ఏమిటన్న ప్రశ్నకు జవాబు లాస్టును చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే తెలుస్తుంది. అది పాదానికి నకలు కాదు. నడిచేటప్పుడు పాదం ముందుకు సాగుతుంది, వేళ్ళ ముందు బూటు ముక్కుకు ఆకారం కావాలి; ఆ రెండింటికీ కలిపి ముందు భాగంలో చోటు ఉంటుంది. ముక్కు నేలకు ఆనకుండా కొద్దిగా పైకి లేచి ఉంటుంది. మడమ పైన, బూటు నోరు వచ్చే చోట లాస్టు పాదం కంటే సన్నగా ఉంటుంది; అక్కడ బూటు కాలిని పట్టుకోవాలి. పక్క గోడ అడుగుభాగాన్ని కలిసే చోట పదునైన అంచు ఒకటి చుట్టూ తిరిగి ఉంటుంది. పాదంలో అలాంటి అంచు ఎక్కడా లేదు. ఆ అంచే తరువాత ప్రతి ప్యాటర్నుకూ, అంటే తోలు కోయడానికి తీసే అట్ట ముక్కకూ, కింది హద్దు అవుతుంది.

జూన్ 21

మా లాస్టుకు వేళ్ళ మొదళ్ళ చుట్టుకొలత 252 మి.మీ. ఉంది. అన్నయ్యకు కావలసింది 262 దాకా. పాదం కొలత కంటే రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉంచడం మాస్టారి లెక్క, తోలు తొడుగుడులో ఆ మేరకు ఇస్తుంది. అంటే పది మిల్లీమీటర్లు చేర్చాలి.

దీనికి పాత పద్ధతి లాస్టు మీద తోలు ముక్కలు అతికించడమే. చిటికెనవేలి మొదలు దగ్గర పెద్ద ముక్క, బొటనవేలి మొదలు దగ్గర చిన్న ముక్క కోసి, అంచులను రంపెతో కాగితమంత పలచన చేసి, సొల్యూషన్ జిగురుతో అతికించి, ఎండాక గరుకు కాగితంతో రుద్ది లాస్టు ఒంపులో కలిసిపోయేలా చేశాము. చేత్తో తడిమితే ముక్క ఎక్కడ మొదలైందో తెలియకూడదు. తెలిసిందంటే ఆ గట్టు తోలు మీద కూడా అచ్చు పడుతుంది.

ఇక్కడ నేను ముఖ్యమనుకున్న విషయం ఒకటుంది. చుట్టుకొలత పెరిగినంత మాత్రాన వెడల్పు సమస్య తీరదు. తోలు ముక్కలన్నీ పైవైపే వేస్తే చుట్టుకొలత 262 వస్తుంది గాని పాదం ఆనే అడుగు భాగం అంతే ఇరుకుగా మిగులుతుంది. అప్పుడు చిటికెనవేలి మొదలు ఇన్‌సోల్ (బూటు లోపల పాదం ఆనే అడుగు పలక) అంచు దాటి బయటికి వేలాడుతుంది, కొన్ని నెలలకే బూటు ఆ వైపు ఒరుగుతుంది. అందుకని ముక్కలను అడుగు అంచు దాకా దించి, అంచును కూడా బయటికి జరిపాము. అలా చేసినందువల్ల ఇన్‌సోల్ ఆకారం మారింది. ఇన్‌సోల్ మారితే బజారులో అచ్చు పోసి అమ్మే రెడీమేడ్ సోలు దీనికి కూర్చోదు. రబ్బరు షీటు నుంచి సోలు కోసుకోవలసిందే. ఒక్క కొలత మారిస్తే బూటు అడుగు దాకా ఎన్ని మారతాయో ఈ పూటకు అర్థమయింది. దుకాణాలలో ఒకే ఫిట్టింగు ఎందుకు దొరుకుతుందో కూడా అర్థమయింది. ఒక్కో ఫిట్టింగుకు వేరే లాస్టులు, వేరే సోలు అచ్చులు, వేరే కత్తిరింపు డైలు కావాలి.

జూన్ 29

లాస్టుకు మాస్కింగ్ టేపు చుట్టాము. మొదట ముక్కు నుంచి పైదాకా, మడమ వెంబడి నిలువునా ఒక్కో పట్టీ వేసి, తరువాత అడ్డంగా, ఒక పట్టీ సగం మీద ఇంకో పట్టీ ఎక్కేలా, ముడత లేకుండా లాస్టంతా కప్పాలి. దాని మీద ముందు, వెనుక నడిగీతలు గీసుకున్నాక డిజైను గీతలు మొదలవుతాయి.

నా బొమ్మలో రెక్కల అంచు ముందుకు సాగి, ముక్కు పొట్టిగా కనిపించేది. కాగితం మీద అది అందంగానే ఉంది. లాస్టు మీద అదే గీత వేళ్ళు వంగే రేఖ దగ్గరికి వచ్చి పడింది. అడుగు వేసిన ప్రతిసారీ బూటు మడత పడేది ఆ రేఖ వెంబడే. రెక్కల మొదలు దాని మీద ఉంటే రెండు పొరల తోలు, వాటి మధ్య కుట్టు, ఆ కుట్టు చివర బిగింపు అన్నీ కలిసి మడత పడలేక పాదాన్ని పైనుంచి నొక్కుతాయి. రెక్కల మొదలును మడత రేఖకు వెనుకగా జరిపి గీశాను. జరిపినప్పుడు బూటు ముఖం మారింది, నిష్పత్తులు సరిపోవడానికి మూడు జతల లేసు రంధ్రాలను దగ్గరగా చేర్చాను. పక్క నుంచి, పై నుంచి, నిలబడిన మనిషి తన బూటును తానే చూసుకునే కోణం నుంచి తిప్పి తిప్పి చూసుకోవడానికి లాస్టు మీద గీతే సరైన చోటు. కాగితం ఒక్క పక్కనే చూపిస్తుంది.

బూటు నోటి అంచు విషయంలో మాస్టారు తన కాలునే చూపించారు. బయటి చీలమండ ఎముక లోపలి ఎముక కంటే కిందికి ఉంటుంది. అందుకని బయటివైపు నోటి అంచు లోపలివైపు కంటే కొన్ని మిల్లీమీటర్లు దించి గీయాలి. రెండు వైపులా ఒకే ఎత్తు పెడితే బయటి ఎముక రాసుకుపోయి పుండవుతుంది. మడమ వెనుక ఎత్తు 60 మి.మీ.కు గుర్తు పెట్టాము.

జులై 5

టేపును నడిగీత వెంబడి కోసి, రెండు పెంకులుగా ఒలిచి, అట్ట మీద పరచడం ఈ రోజు పని. గుండ్రటి వస్తువు చదునుగా మారాలంటే ఎక్కడో ఒకచోట విడిపోవాలి లేదా ముడుచుకోవాలి. ఆ విడిపోయే చోటును మనమే ఎంచుకోవాలి. నోటి అంచునూ, రెక్కల గీతనూ కదలనీయకుండా, కింది అంచున ముక్కు చుట్టూ చిన్న చిన్న గాట్లు పెట్టి, తేడా అంతా అక్కడికి నెట్టేశాము. కింది అంచు ఎలాగూ లాస్టింగులో లాగబడి అడుగున దాక్కుంటుంది.

జాకెట్టు కుట్టే టైలరు గుడ్డకు డాట్లు వేసి ఒంపు తెస్తాడు. బూటుకు ఆ డాట్లు ఉండవు. తోలు సాగి, తడికీ వేడికీ లొంగి, లాస్టు ఒంపును తనలో నిలుపుకోవాలి. ఎంత సాగదీయవచ్చునో తెలిసినవాడే ఎంత చదును చేయవచ్చునో చెప్పగలడు. అందుకే ప్యాటర్ను తీసేవాడికి లాస్టింగు తెలిసి ఉండాలని మాస్టారు మొదటి నుంచీ పట్టుబడుతున్నారు.

లోపలి పెంకునూ, బయటి పెంకునూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మధ్యగా సగటు గీత తీస్తే మూల ప్యాటర్ను వస్తుంది. మాది వెడల్పు పాదం కనుక రెండు పెంకులకూ తేడా కింది అంచున బాగా కనిపించింది. అక్కడ సగటు తీయకుండా లోపలివైపు, బయటివైపు గీతలు రెండింటినీ విడివిడిగా ఉంచి, లోపలివైపుకు చిన్న గాటు గుర్తు పెట్టాము. తోలు ముక్కలు బల్ల మీద కలిసిపోయినా ఆ గాటు చూసి ఏది ఏ వైపుదో చెప్పవచ్చు.

మూల ప్యాటర్ను నుంచి ముక్కలు విడదీసేటప్పుడు చేర్చే కొలతలే డిజైనును పనిగా మారుస్తాయి. కింది అంచు చుట్టూ లాగి అతికించడానికి 18 మి.మీ. రెక్కల కిందికి వెళ్ళే ముందు ముక్క అంచుకు 8. మడిచి కుట్టే అంచులకు 5. మడమ వెనుక రెండు ముక్కలు ఎదురెదురుగా కలిసే కుట్టుకు ఒకటిన్నర. లైనింగుకు లెక్క వేరు: అది లోపల కూర్చుంటుంది కనుక మడమ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు బిగువుగా తీయాలి, లేకపోతే లోపల ముడత పడి మడమను కొరుకుతుంది. నోటి అంచున మాత్రం నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి, కుట్టాక మిగులు కత్తిరించాలి.

ఈ పనిని కంప్యూటరులో చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, పెద్ద కార్ఖానాలు వాటినే వాడతాయి. నేను వాటి జోలికి ఈ ప్రాజెక్టులో వెళ్ళడం లేదు.

జులై 12

నాసి రకం తోలుతో ఒక్క కాలికే అప్పర్ కుట్టి, గట్టిదనం కోసం లోపల పెట్టే ముక్కలు లేకుండా, మేకులతో మాత్రమే లాస్టు మీదికి లాగి చూశాము. దీని ప్రయోజనం ప్యాటర్నును ప్రశ్నించడమే కాబట్టి కుట్టు అందం గురించి ఆలోచించలేదు.

రెండు విషయాలు తేలాయి. నోటి అంచు బయటివైపు లాస్టును అంటకుండా వేలు దూరేంత ఎడంగా నిలిచింది. లాస్టు మీద తోలు ముక్కలు చేర్చినప్పుడు ముందు భాగం వెడల్పయింది, అందువల్ల లాగినప్పుడు తోలు ముందుకే ఎక్కువ పోయి, వెనుక నోరు తెరుచుకుంది. నోటి అంచు గీతను మడమ దగ్గర మూడు మిల్లీమీటర్లు కుదించాము. రెండోది, నడుము దగ్గర లోపలివైపు కింది అంచు చాలీచాలకుండా వచ్చింది; అక్కడ 18ని 22 చేశాము. ముడతలు మాత్రం ఎక్కడా లేవు. ముక్కు దగ్గర గాట్ల ద్వారా తేడాను దించేసిన పద్ధతి సరిపోయిందని దానితో రుజువైంది.

జులై 20

తోలు బల్ల మీద పరిచి ముక్కలు కోసే రోజు. చదరపు అడుగుల లెక్కన కొన్న ఆవు తోలు, మందం 1.3 మి.మీ. చర్మమంతా ఒకే గుణంతో ఉండదు. వెన్ను వెంబడి, పిరుదు వైపు పోగు బిగువుగా, నునుపుగా ఉంటుంది. పొట్ట వైపు వదులుగా, సాగిపోయేలా ఉంటుంది. మెడ దగ్గర ముడత గీతలు కనిపిస్తాయి. చూపు మొదట పడేది, ఎక్కువ వంగేది ముందు ముక్క కనుక దాన్ని వెన్ను పక్కన మంచి చోట కోసి, రెక్కలను దాని పక్కనే తీసి, నాలుక, లోపల కనిపించని ముక్కలు పొట్ట వైపు నుంచి తీశాము. ప్రతి ముక్కనూ కోసే ముందు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ లాగి చూడాలి. సాగని దిశ ముక్కు నుంచి మడమకు, సాగే దిశ పాదానికి అడ్డంగా రావాలి. తలకిందులయితే బూటు వాడుకలో పొడవు సాగుతుంది.

అన్నయ్య పాదానికి ఈ నియమం రెట్టింపు ముఖ్యం. వెడల్పు దిశలో కొంచెం ఇచ్చే గుణం అతనికి కావలసిందే, పొడవు దిశలో ఇస్తే మళ్ళీ మడమ జారుడే.

ముక్కలు కోశాక అంచులు పలచన చేయడం. కార్ఖానాలో దీనికి స్కైవింగ్ యంత్రం ఉంటుంది, మా గదిలో రంపె, ఒక పాలరాతి పలక ఉన్నాయి. ముక్కను తిరగవేసి, ఎడమచేతి వేళ్ళతో అంచును పలక మీద బిగించి, రంపెను దాదాపు పడుకోబెట్టి, అంచుకు 10 మి.మీ. లోపల నుంచి బయటికి ఒకే ఊపులో తోయాలి. మడిచే అంచు సగం మందానికి, అంటే 0.6 మి.మీ. దగ్గరికి రావాలి. వచ్చిందీ లేనిదీ కంటితో తెలియదు. అంచును వేళ్ళ మధ్య మడిచి చూస్తే, సరిగా పలచనైన చోట మడత గుండ్రంగా, అంతటా ఒకే లావున కనబడుతుంది, మందం మిగిలిన చోట చిన్న ముడి తగులుతుంది. రంపె కాస్త మొద్దుబారితే తోలు తెగకుండా నలుగుతుంది కాబట్టి కొన్ని ఊపులకొకసారి సానరాయి మీద పట్టాలి. మాస్టారి చేతి కింద తోలు పొర ఒకే పొడవాటి పట్టీగా లేచి చుట్ట చుట్టుకుంటుంది. నా చేతి కింద మొదట పొడిపొడిగా రాలేది. సాయంత్రానికి వేలెడు పొడవు పట్టీలు వస్తున్నాయి.

“చేత్తో తొయ్యొద్దమ్మా, భుజంతో తొయ్యి” అని మాస్టారు ఒక్కటే మాట చెప్పారు. మణికట్టు బిగించి భుజం కదిలిస్తే కోణం మారదు. పని ఒడుపంతా ఆ కోణంలోనే ఉంది.

జులై 27

అప్పర్ కుట్టడం పూర్తయింది. సెంటీమీటరుకు నాలుగు కుట్లు, అంచుకు ఒకటిన్నర మి.మీ. లోపల, పాలియెస్టర్ దారంతో. నోటి అంచు మడతలో సన్నని నైలాను టేపు పెట్టాము, వాడుకలో నోరు సాగకుండా అది పట్టి ఉంచుతుంది. రెక్కల మొదలు దగ్గర, అంటే లేసు లాగినప్పుడు బలమంతా పడే బిందువు దగ్గర, అడ్డంగా నాలుగైదు కుట్లు అదనంగా వేసి లోపల చిన్న తోలు బిళ్ళ పెట్టాము. వెనుక కుట్టును సుత్తితో చదును చేసి పైన పట్టీ కుట్టాము. కుట్టు మిషను గురించి చెప్పవలసింది ఇంతే; ముక్కలు సరిగా పలచనయి ఉంటే మిషను పని సాఫీగా సాగిపోతుంది.

ఆగస్టు 3

లాస్టింగు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూసిన పని ఇది.

ఇన్‌సోల్‌ను లాస్టు అడుగున మూడు మేకులతో నిలిపి, మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా నడుము భాగం కుంగకుండా ఉక్కు పట్టీ అమర్చాము. అప్పర్‌లో తోలుకూ లైనింగుకూ మధ్య ముక్కు దగ్గర ఒకటి, మడమ చుట్టూ ఒకటి గట్టిదనం ఇచ్చే ముక్కలు పెట్టి, తోలును తడి బట్టతో అద్ది మెత్తబరిచి, లాస్టు మీదికి ఎక్కించాము. మొదట మడమను దాని చోటు కంటే కొంచెం పైకి ఉంచి, ముక్కు మధ్యలో లాస్టింగ్ పట్టకారుతో పట్టి లాగి ఒక మేకు, దానికి అటూ ఇటూ ఒక్కో మేకు. అప్పుడు మడమను కిందికి దించాలి. దించడంతో తోలు ముక్కు నుంచి మడమ దాకా తీగలా బిగుస్తుంది, నడిగీత లాస్టు నడిమధ్యకు వచ్చి కూర్చుంటుంది. ఆ బిగువు చేతికి తెలిసినప్పుడు, జులై 5న అట్ట మీద ప్యాటర్నులో పెట్టిన ప్రతి కొలత ఎందుకు పెట్టామో నాకు చేతుల ద్వారా తెలిసింది.

పట్టకారుతో లాగడానికి ఒక క్రమం ఉంది. పట్టకారు దవడతో అంచును పట్టి, పైకి లాగి, పట్టకారునే మీటలా ఇన్‌సోల్ మీద ఆనించి లోపలికి తిప్పి, బొటనవేలితో తోలును నొక్కిపెట్టి, అదే పట్టకారుకు ఉన్న సుత్తి ముఖంతో మేకు కొట్టాలి. ఒక వైపు ఒక లాగు లాగితే దానికి ఎదురుగా ఇంకో లాగు, లేకపోతే నడిగీత పక్కకు పోతుంది. నడుము దగ్గర తోలు లాస్టు ఒంపును అంటుకోవాలంటే అక్కడ ఎక్కువ బలం కావాలి. మేము చేర్చిన తోలు ముక్కల మీద మాత్రం అతిగా లాగవద్దని మాస్టారు హెచ్చరించారు. అక్కడ తోలు ఇప్పటికే సాగి ఉంటుంది, ఇంకా లాగితే వాడుకలో ఇవ్వడానికి దానిలో ఏమీ మిగలదు.

ముక్కు చుట్టూ తోలు అధికంగా పోగవుతుంది. దాన్ని పెద్ద మడతలుగా కాక, సన్న సన్నని కుచ్చిళ్ళుగా సమానంగా పంచి, అంచు పైకి ఏ ముడతా ఎక్కకుండా, మిగులు తోలును రంపెతో కోసేసి, సొల్యూషన్ పెట్టి సుత్తితో చదును చేయాలి. చేతిపనిలో నేర్పంతా ముక్కు దగ్గరే తెలిసిపోతుంది.

యంత్రాలు లేని కాలంలో అమెరికాలోని బూట్ల పట్టణాలలో కూడా ఈ ఒక్క పని వల్లనే ఉత్పత్తి ఆగేది. కుట్టుకు మిషను వచ్చింది, సోలుకు మిషను వచ్చింది, లాస్టింగుకు మాత్రం మనిషి చేతులే గతి. సురినాంలో పుట్టి మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణానికి వచ్చి, బూట్ల కార్ఖానాలో పనిచేసిన జాన్ ఎర్నెస్ట్ మాట్సెలిగర్ ఈ చేతి కదలికలనే గమనించి, పట్టి, లాగి, కుచ్చిళ్ళు పెట్టి, మేకు దింపే యంత్రానికి 1883లో పేటెంటు పొందాడు. 1889లో, నలభై ఏళ్ళయినా నిండకుండానే చనిపోయాడు. నా వేళ్ళు ఈ సాయంత్రం పట్టకారు పట్టు నుంచి విడివడటానికి మొరాయిస్తున్నాయి కనుక, ఆయన ఎంత కష్టమైన కదలికను ఇనుములోకి తెచ్చాడో నాకు గౌరవంతో అర్థమవుతున్నది.

ఆగస్టు 10

లాస్టు మీదనే వారం పాటు వదిలేశాము. కార్ఖానాలో వేడి గది గుండా పంపి ఆకారాన్ని త్వరగా నిలుపుతారు. మాకు ఆ సౌకర్యం లేదు, కాలమే సాధనం.

రబ్బరు షీటు నుంచి సోలు, హీలు కోసి అతికించాము. అతుకు నిలవాలంటే అడుగున తిప్పిన తోలు మీద మెరుపు పొర పోయేలా గరుకు చేయాలి, అయితే అంచు దాటి పైకి ఒక్క గీత కూడా రాకూడదు. రెండు వైపులా సొల్యూషన్ పూసి, తోలు మొదటి పూతను పీల్చేసుకుంటుంది కనుక దానికి రెండో పూత వేసి, వేలికి అంటని స్థితి వచ్చేదాకా ఆగి, వేడి చూపించి, ముక్కు నుంచి మొదలుపెట్టి అతికించి సుత్తితో కొట్టాము. సోలు పదార్థాన్ని బట్టి సొల్యూషన్ మారుతుంది. మా రబ్బరుకు నియోప్రీన్ సరిపోయింది. పీవీసీ అయితే పాలియురెథేన్ జిగురు కావలసి వచ్చేది. తరువాత కీలు వంచి లాస్టును బయటికి లాగాము.

ఆగస్టు 17

అన్నయ్య తొడుక్కున్నాడు. మొదట ఇంట్లో, తరువాత దుకాణంలో సాయంత్రం దాకా. నేను కోరింది మూడు సంగతులు గమనించమని: రాత్రికి వేళ్ళ మొదళ్ళ దగ్గర నొక్కుతున్నదా, మడమ లేస్తున్నదా, చీలమండ ఎముకకు రాసుకుంటున్నదా.

“నొక్కడం లేదే. సాయంత్రం లేసు ఒకసారి వదులు చేశాను, అంతే” అన్నాడు. మడమ లేవలేదు. 8వ నంబరు పొడవులోనే వెడల్పు సమకూరింది కాబట్టి ఈ ఫలితం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. ఎముక దగ్గర మాత్రం కుడి కాలికి ఎర్రని గీత పడింది. లాస్టు మీద సరిపోయిన ఎత్తు, కాలు వంగి లేచే కదలికలో కుడివైపు ఎక్కువైంది. మడత ముడతలు రెక్కల మొదలుకు ముందుగా, రెండు సన్నని గీతలుగా పడ్డాయి. అంటే ఆ మొదలును వెనక్కి జరపడం పనిచేసింది.

కుడి బూటు లోపల చేయి పెట్టి చూస్తే చిటికెనవేలి మొదలు దగ్గర ఇన్‌సోల్ మీద పాదం ముద్ర అంచుకు బాగా లోపలగానే ఉంది. ఎడమ బూటులో ఆ ముద్ర అంచుకు దగ్గరగా వచ్చింది. అన్నయ్య ఎడమ పాదం కొంచెం పెద్దదని కొలతల్లో ముందే ఉంది. చాలామందికి రెండు పాదాలూ ఒకేలా ఉండవు. ఒక మనిషికి చేసేటప్పుడు రెండు లాస్టులనూ విడివిడిగా సరిదిద్దవచ్చు. అమ్మకానికి చేసే సైజులో పెద్ద పాదాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

ఆగస్టు 31

రెండో నమూనాకు మార్పులు ప్యాటర్ను మీదనే గుర్తించి, పాత అట్టలను కొట్టివేసి తేదీ వేసి పక్కన పెట్టాము. బయటివైపు నోటి అంచు చీలమండ కింద మూడు మిల్లీమీటర్లు దిగుతుంది, మడమ వెనుక ఎత్తు మారదు. ఎడమ లాస్టుకు చిటికెనవేలి వైపు ఇంకో పలచని తోలు ముక్క చేరుతుంది, దానికి తగ్గట్టు ఎడమ ఇన్‌సోల్, సోలు వేరుగా కోస్తాము. లేసు రంధ్రాలు సరిగానే ఉన్నాయి. నాలుకను మాత్రం ఐదు మిల్లీమీటర్లు పొడిగిస్తున్నాను, లేసు పూర్తిగా వదులు చేసినప్పుడు దాని అంచు పైకి కనిపించకుండా లోపలికి పోతున్నది.

ఇదే ప్యాటర్నును 7, 9 నంబర్లకు పెంచి, తగ్గించి చూడాలని ఉంది. పొడవు ఒక లెక్కన, చుట్టుకొలత ఇంకో లెక్కన మారతాయి కాబట్టి గీతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో పెంచితే కుదరదు. లేసు రంధ్రాల వ్యాసం, కుట్టుకు వదిలే 8, అంచు మడతకు వదిలే 5 ఏ నంబరులోనైనా అలాగే ఉండాలి. దానికి ముందు ఆ రెండు నంబర్ల లాస్టులకు కూడా వేళ్ళ మొదళ్ళ దగ్గర ఇదే విధంగా తోలు ముక్కలు చేర్చుకోవాలి. మాస్టారు ఆంబూరులో తెలిసినవారికి లాస్టుల కోసం ఫోను చేశారు. అవి వచ్చేలోగా రెండో నమూనాకు తోలు కోయడం మొదలుపెడతాము.